మహిళామణులకు ధన్యవాదాలు

“యూనివర్సిటీకెళ్ళి శాంతి సదువుతన్నావు సరే, ఇంట్లో మాత్రం శాంతి నేకుండా సేత్తన్నావు,” అన్నాడు నరేష్, చారులో ఉప్పు తగ్గిందని కంచం పక్కకు జరుపుతూ. కుసుమకుమారి ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. పెట్టాక, ఎందుకు తెచ్చానా అని తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఎలమంచిలి దగ్గర పల్లెలో డిగ్రీతో ఆగిపోయిన చదువును ఆమె నలభై రెండో ఏట మళ్ళీ అందుకుంది. శాంతి, సామాజిక న్యాయం అనే ఎమ్మే. పొద్దున్నే క్యారేజీలు సర్ది, అత్తగారు ఆదిలక్ష్మమ్మకు మాత్రలిచ్చి, గాజువాకలో బస్సెక్కి క్లాసుకు పోతుంది. దెబ్బ కనిపించకపోయినా హింస హింసేనని శ్రీరామ్మూర్తి మాస్టారు పాఠం చెప్పిన రోజు నోట్సు రాసుకోవడమే మరిచిపోయింది. నరేష్ ఏనాడూ చెయ్యెత్తలేదు. ‘మా ఆవిడకేటి, దర్జాగా కాలేజీకెల్తంది’ అని యూనియన్ వాళ్ళ ముందు నవ్వుతాడు. ఆ నవ్వే వాళ్ళందరికీ టీ పెట్టి, గ్లాసులు కడిగేది తనే. ఆ నవ్వుకు ఒక పేరుంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు, అంతే.

కిందటేడు నరేష్ పనిచేసే ఫ్యాక్టరీ గేటు ముందు నూట నలభై రోజులు దీక్షా శిబిరం నడిచింది. యూనియన్ కార్యదర్శి నరేషే. టెంటులో మగవాళ్ళు న్యాయం గురించి ప్రసంగిస్తుంటే, వెనక రేకుల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళు రోజూ మూడొందల మందికి వండారు. అత్తగారూ తనూ వాళ్ళలోనే. గంజి వారుస్తూ చిలకమ్మ మోచేతిదాకా కాల్చుకుంది. తర్వాత యూనియన్ వేసిన పుస్తకంలో అరవై పేజీల నిండా దండలేసుకున్న నాయకులు. ఆఖరి పేజీలో ఒక్క వాక్యం: ‘భోజన ఏర్పాట్లు చూసిన మహిళామణులకు ధన్యవాదాలు.’ మణులట! మణులకు పేర్లుండవు కాబోలు, చేతులు కాలవు కాబోలు.

ఆ షెడ్డు మీదే ఆమె ప్రాజెక్టు మొదలుపెట్టింది. మిగతా పది మంది ఇళ్ళకూ వెళ్ళి, ఇంట్లో అత్తగారినీ అడిగి, వాళ్ళు చెప్పిందంతా రాసుకుంది.

ఆ కాగితాలు నరేష్ కంటపడ్డాయి. “ఏటిది? యూనియన్ పరువు తీసీడానికా సదువుతన్నావు?”

“ఇందులో ఒక్క అబద్ధం చూపించండి.”

“నిజమైతే మాత్రం ఊరంతా సెప్పాలేటి? పేర్లైనా తీసీ.”

మాస్టారు కూడా వేరే కారణంతో అదే అన్నారు. “పేర్లు మార్చడం పరిశోధనలో రివాజమ్మా, వాళ్ళ క్షేమం కోసం. సొంత పేర్లే ఉండాలంటే ఒక్కొక్కరి సంతకం కావాలి.”

ఆదివారం అందరినీ తన ఇంటికే పిలిచి విషయం చెప్పింది. చిలకమ్మ కాలిన చెయ్యి ముందుకు చాపింది. “పేరు మారిసీసి రాత్తే, కాలింది నా సెయ్యా, ఇంకోలదా?” కాగితం లాక్కుని సంతకం పెట్టింది. పక్కనున్న నూకాలూ పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న నరేష్, “అమ్మా, నువ్వైనా సెప్పు దీనికి,” అన్నాడు.

కొడుకు మాటకు ఏనాడూ ఎదురాడని ఆదిలక్ష్మమ్మ నేల మీంచి మెల్లగా లేచింది. “నాకు సదువు రాదురా. కానీ నా పేరు అచ్చరాలు నాకు తెలుసు. మీ పుత్తకంలో పేజీ పేజీ ఎతికాను. ఎక్కడా నేవు.” కోడలి వైపు తిరిగి బొటనవేలు చాపింది. “ఇంకు ఏదమ్మా?”

నరేష్ బయటికి పోయాడు. వెళ్తూ, వచ్చే వారం యూనియన్ సభకు వంట సంగతి ఏంటని అడిగాడు. ఆదిలక్ష్మమ్మ ఇంకు పూసిన వేలును కాగితం మీద ఒత్తింది.

అందరూ వెళ్ళాక కుసుమకుమారి కాగితాలు ముందేసుకుని కూర్చుంది. మొదటి పేజీ నుంచీ ‘వాళ్ళు వండారు’, ‘వాళ్ళు మోశారు’, ‘వాళ్ళు మరుగునపడ్డారు’ అని రాసి ఉంది. పెన్ను తీసి, ‘వాళ్ళు’ అన్న ప్రతిచోటా కొట్టేసి, ‘మేము’ అని రాయడం మొదలుపెట్టింది.