రెండో గార్డు ఎవరు

కడప, కర్నూలు జిల్లాల్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు ఎంతమంది ఉంటారో గానీ, వాళ్ల మధ్య రెండేళ్లపాటు ఒకటే వాదన నడిచింది. యామిని గొప్పదా, శ్రీవాసవి గొప్పదా అని.

యామినిది ఎర్రగుంట్ల. శ్రీవాసవిది ఆదోని. ఇద్దరూ గార్డులే. అంటే బంతిని వెనక నుంచి తెచ్చి ఆట నడిపించేవాళ్లు. కడప వాళ్లు యామిని ఇచ్చే పాసుల గురించి చెబితే, కర్నూలు వాళ్లు శ్రీవాసవి దూరం నుంచి వేసే బుట్టల గురించి చెప్పేవాళ్లు. ఆ ఇద్దరూ ఎదురుపడిన రోజు చూసేవాళ్ల గొంతులు బొంగురుపోయేవి. వాదన ఎటూ తేలకముందే, పోయిన ఏడాది ఒక మ్యాచిలో యామిని గాల్లోకి ఎగిరి దిగుతుండగా కుడి మోకాలు పక్కకు తిరిగిపోయింది. లోపల ఏదో తెగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

ఆపరేషన్ అయింది. నెలల తరబడి చంకకర్రల మీద నడిచింది. ఆ తరువాత కర్రలు వదిలి గోడ పట్టుకుని నడిచింది, ఆనక గోడా వదిలింది. ఈలోగా వాదన దానంతటదే చల్లారిపోయింది. కోర్టులో లేని మనిషి కోసం ఎవరు గొంతు చించుకుంటారు?

యామిని నాయన ఓబుళేశు సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతాడు. ఇంటి పట్టున ఉండేది జేజినాయన సుబ్బయ్యే. ఒకప్పుడు బండలాగుడు పందేలకు ఎద్దులను తయారుచేసి, చుట్టుపక్కల తిరునాళ్లన్నిటికీ తోలుకుపోయిన మనిషి. మనవరాలు పొద్దున్నే వసారాలో కాలికి ఇసుక సంచి కట్టుకుని ఎత్తడం, దించడం రోజూ చూస్తూనే ఉన్నాడు గానీ ఏమీ అనలేదు. రాయలసీమ జట్టుకు కర్నూలులో ఎంపికలు జరుగుతాయని, తాను పోతున్నానని ఆమె చెప్పిన రోజు మాత్రం నోరు తెరిచాడు.

"మోకాలు దెబ్బతిన్న ఎద్దును మళ్ల పందేనికి కట్టరు పాపా. సేద్యానికి పెట్టుకుంటారు. అది దానికీ మంచిది, మనకూ మంచిది."

"నేను ఎద్దును కాదు జేజినాయనా."

"నేనేం తప్పు మాట అనల్యా. చూసి చూసి చెప్తాండా."

ఆయన ఎగతాళిగా అనలేదు. అదే యామినికి ఎక్కువ గుచ్చుకుంది. ప్రేమ ఉన్న మనిషే అంత నిశ్చయంగా నువ్వింక పనికిరావు అంటే, దానికి కోపంతో జవాబు చెప్పలేం. ఆమె బ్యాగు సర్దుకుని కర్నూలు బస్సెక్కింది.

కర్నూలులో మూడు రోజుల శిబిరం. మొదటి రోజు సాయంత్రానికే యామినికి సంగతి తెలిసిపోయింది. చేతులు ఎక్కడికీ పోలేదు. బంతి చేతిలోకి రాగానే ఎవరు ఎటు కదులుతున్నారో ముందులాగే కనిపిస్తోంది. పోయింది కాలే. ఇదివరకు రెండడుగుల్లో దాటేసే పిల్లల్ని ఇప్పుడు దాటలేకపోతోంది. ఎగిరితే ఇదివరకటి ఎత్తు అందడం లేదు. పైగా ఎగిరే ముందు మనసు ఒక్క క్షణం ఆగి, దిగడం ఎలా అని అడుగుతోంది.

మూడో రోజు మధ్యాహ్నం సీసాలో నీళ్లు పట్టుకోవడానికి ఆమె స్టేడియం వరండాలోకి వెళ్లేసరికి ఎంపిక చేసే ముగ్గురూ అక్కడే కూర్చుని వాదించుకుంటున్నారు. కోచ్ హనుమన్న కర్నూలు మనిషి. బాస్కెట్‌బాల్ సంఘం కార్యదర్శి యేసుప్రసాద్. మూడో మనిషి స్వర్ణలత, కడప తరఫున వచ్చిన పాత క్రీడాకారిణి, చిన్నప్పుడు యామినికి బంతి పట్టడం నేర్పిన పీఈటీ మేడం. యామినిని చూసి స్వర్ణలత మాట ఆపేసింది. యామిని వెనక్కి తిరగబోయింది.

"పోవద్దు, కూచోమ్మా," అన్నాడు హనుమన్న. "నీ గురించే మాట్లాడుతుండాము. నీ ఎనకాల ఒక మాట, ముందర ఒక మాట నాకు చేతకాదు. జట్టుకు గార్డులు ఇద్దరే. ఒకరు శ్రీవాసవి, దాంట్లో వాదన లేదు. రెండో గార్డు నువ్వా, నంద్యాల పిల్ల ప్రేమజ్యోతా అని మాకు తెగడంల్యా."

ఏడాది కిందటి దాకా తనను శ్రీవాసవితో పోల్చేవాళ్లు. ఇప్పుడు పదిహేడేళ్ల ప్రేమజ్యోతితో పోలుస్తున్నారు. యామిని సీసా ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"దీంట్లో తెగకపోయేదేముంది సార్?" అన్నాడు యేసుప్రసాద్. "ఆ పిల్ల పరుగు చూస్తిరి కదా. జింక మాదిరి పోతుండాది. ఈమె పేరు పెద్దదే, కాదనను. పేరు పరుగెత్తదు కదా."

"పరుగు ఒకటే ఆటా?" అంది స్వర్ణలత. "ఆ పిల్ల ఉరుకుతాది, ఉరికి పోయి ముగ్గురి మధ్యలో ఇరుక్కుంటాది. యాడికి పోవాల్నో తెలిసి పోవడం వేరే."

"మీ చేతి కింద పెరిగిన పిల్ల కాబట్టి అంటాండారు మేడం."

"అవును, నా చేతి కింద పెరిగిందే. అందుకే నాకు తెలుసు. పరుగు పోయిందని మీరు చెప్తే ఒప్పుకుంటా. ఆట పోయిందంటే ఒప్పుకోను."

హనుమన్న యామిని వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

నాకు ఒక్క అవకాశం ఇవ్వండి సార్ అని అడగాలని నోటి దాకా వచ్చింది. కానీ అలా అడిగితే జాలితో ఇచ్చినట్టవుతుంది. ఆమె నీళ్లు ఒక గుక్క తాగి అంది: "సాయంత్రం మ్యాచి పెడతాండారు కదా సార్. చూసి చెప్పండి. నేనేం చెప్పినా అది మాటే కదా."

"సరే. నువ్వూ ఆ పిల్లా ఒక పక్క ఆడండి. ఎదురుగా శ్రీవాసవి ఉంటాది. ఆట ఎవరితో నడుస్తాదో చూస్తా."

సాయంత్రం ఎండ తగ్గాక మ్యాచి మొదలైంది. మొదట్లో యామిని తన కోసమే ఆడింది. ఎంపిక చేసే ముగ్గురూ తన వైపే చూస్తున్నారని తెలుసు. బంతి దొరకగానే బుట్ట వైపు దూసుకుపోబోయింది. శ్రీవాసవి అడ్డం వచ్చి నిలబడింది. పాత యామిని అయితే ఎడమకు ఊగి కుడికి తిరిగి దాటేసేది. ఊగింది గానీ కాలు సమయానికి తిరగలేదు. బంతి పోయింది. మరోసారి దూరం నుంచి వేస్తే రింగుకు తగిలి బయటపడింది. వరండా మెట్ల మీద యేసుప్రసాద్ హనుమన్న చెవిలో ఏదో చెప్పడం కనిపించింది.

ఆ తరువాత ఆమెకు కోర్టు అంతా తేటగా కనిపించింది. తాను దూసుకుపోతుంటే ఇద్దరు తన మీదికి వస్తున్నారు. పాత భయం ఇంకా వాళ్లలో ఉంది. అప్పుడు అవతలి పక్క ప్రేమజ్యోతి ఖాళీగా ఉంటోంది. బంతి అటు పంపితే బుట్ట ఖాయం. పంపితే ఆ పిల్ల మార్కులు పెరుగుతాయి, తన చోటు పోతుంది. పంపకపోతే ఇద్దరూ ఓడిపోతారు.

ఆట చెడగొట్టి ఎంపికయ్యే కంటే సరిగా ఆడి ఇంటికి పోవడం మేలు అనుకుంది యామిని. బంతి అటు విసిరింది.

అక్కడి నుంచి ఆట మారింది. ప్రేమజ్యోతి పరుగెత్తడం, బంతి ఆమె చేతుల్లోకి వచ్చి పడడం, బుట్టలోకి జారడం. కాసేపటికి శ్రీవాసవి ఆ పిల్ల దారి కనిపెట్టేసింది. అప్పుడు యామిని ప్రేమజ్యోతిని దగ్గరికి పిలిచి, "నువ్వు ఎప్పుడూ కుడిపక్కకే పోతాండావు. ఆమెకు తెలిసిపోయింది. ఈసారి ఎడమకు పో," అని చెప్పింది.

"ఎడమ చెయ్యి నాకు సరిగా రాదక్కా."

"రాకపోతే పోయేది ఒక బంతే. పో."

ఆ పిల్ల ఎడమకు పోయింది. బుట్ట పడింది. సగం ఆట అయ్యేసరికి వీళ్ల జట్టే ముందుంది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టింది ప్రేమజ్యోతికి.

"ఇంకేం చూడాల సార్?" అన్నాడు యేసుప్రసాద్. "బుట్టలన్నీ ఎవరు ఏసినారు?"

"ఎవరు ఏయించినారు?" అంది స్వర్ణలత. తరువాత హనుమన్నతో, "ఒక పని చేయండి. యామినిని తీసి ఆ పక్కకు మార్చండి. ఆ పిల్ల ఈ పక్కనే ఉండనీ. అప్పుడు చూద్దాం," అంది.

హనుమన్న కొంచెంసేపు ఆలోచించి తల ఊపాడు. యామినిని ఎవరూ అడగలేదు. ఆమె చొక్కా మార్చుకుని అవతలి జట్టులోకి నడిచింది.

ఇన్నేళ్లలో యామిని, శ్రీవాసవి ఒక పక్కన ఆడడం అదే మొదలు. ఇద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు. శ్రీవాసవి ఆదోనిలో బట్టల కొట్టు నడిపే వాళ్ల పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"బంతి నేనే తెస్తా. నాకు అదే అలవాటు," అంది.

"బంతి నాకిచ్చి నువ్వు ఉరుకు. నువ్వు ఆగిన చోటికి వస్తాది."

"రాకుంటే?"

"రాకుంటే మళ్ల ఇయ్యొద్దు."

శ్రీవాసవి ఇచ్చింది. ఇచ్చి, నమ్మకం లేకుండానే మూలకు పరుగెత్తింది. ఆగి తిరిగేసరికి బంతి ఛాతీ ఎత్తున వచ్చి చేతుల్లో పడింది. ఎదురుగా ఎవరూ లేరు. తీరిగ్గా గురి చూసి వేసింది. ఆ తరువాత అడగకుండానే బంతి యామినికి ఇవ్వసాగింది. ఇంతకాలం ఇద్దరు ముగ్గురి మీద నుంచి వేయడం అలవాటైన పిల్లకు, ఎదురు లేకుండా వేయడం కొత్తగా ఉన్నట్టుంది. ఒకసారి వేసేసి తనలో తానే నవ్వుకుంది.

అవతల ప్రేమజ్యోతికి బంతి అందడం తగ్గింది. అందినా ఇద్దరి మధ్యలోకి పోయి చిక్కుకుంటోంది. అయితే ఆ పిల్ల ఊరికే ఉండే రకం కాదు. ఒకసారి యామిని ఎదురుగా నిలబడి ఉంటే, కుడికి పోతున్నట్టు పోయి చటుక్కున ఎడమకు తిరిగి దాటేసింది. నేర్పిన విద్య నేర్పినదాని మీదే పనిచేసింది. యామిని తిరగబోయి కాలు జారి, కుడి మోకాలి మీదే పడింది.

స్వర్ణలత మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. యామిని పడిన చోటే కూర్చుని మోకాలు వంచి చూసుకుంది, చాపి చూసుకుంది. నొప్పి ఉంది. అది పైపైన చర్మం చీరిన నొప్పి. లోపలి నొప్పి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది అది కాదు. ఏడాదిగా ఏ పడడానికి భయపడుతూ వచ్చిందో ఆ పడడం అయిపోయింది, తాను ఇంకా ఇక్కడే ఉంది. శ్రీవాసవి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని లేచి, "బంతి ఎవరిది?" అని అడిగింది.

మిగిలిన ఆటంతా కుంటుతూనే ఆడింది. ఎగిరే ముందు మనసు ఆగి అడగడం మానేసింది. అయినా పాత ఎత్తేమీ తిరిగి రాలేదు. అది ఇక రాదని ఆమెకు అప్పుడే అర్థమైంది, అర్థమైనా చేతిలో పని ఆగలేదు. శ్రీవాసవి జట్టు బాకీ పడిన తేడా అంతా పూడ్చి, చివరికి గెలిచింది.

హనుమన్న పిల్లలందరినీ ముందర కూర్చోబెట్టాడు. "చెప్పండి," అన్నాడు మిగతా ఇద్దరితో.

"నా మాట మారలేదు," అన్నాడు యేసుప్రసాద్. "ఈ పిల్లకు ముందర పదేళ్ల ఆట ఉండాది. యామిని కాలు ఎప్పుడు ఏమైతాదో ఎవరికి తెలుసు? ఇందాక పడినప్పుడు అందరమూ చూస్తిమి. నేను ప్రేమజ్యోతికే."

"నేను యామినికి," అంది స్వర్ణలత. "రెండు పక్కలా ఆడింది. ఏ పక్క ఉంటే ఆ పక్క ఆట నడిచింది. ఇంతకంటే నాకు చెప్పరాదు."

హనుమన్న గడ్డం గీరుకున్నాడు. "శ్రీవాసవీ, ఆడేది నువ్వు. నీకేమనిపిచ్చింది?"

శ్రీవాసవి యామిని వైపు చూసింది. "రెండేండ్లు ఈమె మీద ఆడినాను సార్. నా కంటే గొప్పదంటే ఇప్పటికీ ఒప్పుకోను," అంది. "కానీ ఆ పాసులు నాకు కావాల."

ఎవరో నవ్వారు. హనుమన్న నవ్వలేదు. "యామినిని తీసుకుంటున్నా. ప్రేమజ్యోతి స్టాండ్‌బై. యామినీ, నువ్వు విను. మొదటి అయిదుగురిలో ఉండవు. పూర్తి మ్యాచి నీ కాలు మోయదు. ఆట బిగిసినప్పుడు పిలుస్తా. బెంచి మీద కూచోడం నీకు అలవాటు లేదు, నాకు తెలుసు. ఇష్టమైతేనే ఉండు."

"ఉంటా సార్," అంది యామిని.

సంతోషించాలో లేదో ఆమెకు తెలియలేదు. గోడ పక్కన ప్రేమజ్యోతి బూట్లు విప్పుకుంటూ ముఖం పక్కకు తిప్పుకుంది. యామిని పోయి పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలు నోటికి వచ్చాయి గానీ, ఏడాదిగా అలాంటి మాటలు విని విని విసిగిన మనిషి కాబట్టి మింగేసింది.

"ఎడమకు పొమ్మని నాకు ఎందుకు చెప్పినావక్కా?" అంది ఆ పిల్ల కాసేపటికి. "చెప్పకుంటే నీకే మంచిది కదా."

"చెప్పకుంటే మొదటి సగం మనం ఓడిపోతాంటిమి."

"అంతేనా?"

"అంతే. వచ్చే ఏడాది నువ్వు నా చోటు కోసం వస్తావు. ఎడమ పక్క ఎట్ల ఆపాలో నేను అప్పటికి నేర్చుకోవాల."

ప్రేమజ్యోతి కళ్లు తుడుచుకుని, "కుడి పక్క కూడా నేర్చుకో," అంది.

మర్నాడు ప్రేమజ్యోతి నంద్యాల బస్సు పదిగంటలకు. పొద్దున యామిని మోకాలు కొంచెం వాచి ఉంది. దానికి పట్టీ చుట్టుకుని మెల్లగా మెట్లు దిగి కోర్టుకు వచ్చేసరికి శ్రీవాసవి అప్పటికే వచ్చి ఉంది. పలకరింపు ఏమీ లేకుండా బంతి విసిరి మూలకు పరుగెత్తింది. యామిని అందుకుని తిరిగి పంపింది. ఇద్దరూ ఆ పనిలో ఉండగా ప్రేమజ్యోతి బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి చూస్తోంది. యామిని ఈసారి బంతిని ఆ పిల్ల ఎడమ చేతి వైపు విసిరింది. ఆ పిల్ల బ్యాగు కింద పడేసి అందుకుంది.