అంచులు

జోడు పెనాల మధ్య పలుచటి పిండి పోసి పై పెనం అదిమేసరికి చుయ్‌మని ఆవిరి లేచింది. ఆవిరిలో ఆమె ముఖం కాసేపు కనిపించలేదు. అది తగ్గేలోగా ఒక మంగళవార్త జపం చెప్పుకోవాలి. జపం అయిందంటే అప్పం అయినట్టే. గడియారం చూసి కాల్చిన రోజు మాడింది గానీ, మరియమ్మను నమ్ముకున్న రోజు ఏనాడూ మాడలేదు.

మఠం వెనక గదిలో పూజకు అప్పాలు కాల్చడం ఆమె పని. కాల్చిన రేకుల్ని తడిగుడ్డ కింద ఉంచి, మెత్తబడ్డాక ఇనప అచ్చుతో గుండ్రంగా కోయాలి. గుండ్రటివి డబ్బాలోకి, గుడికి; పూజలో అవే సత్ప్రసాదం అవుతాయి. మిగిలిన అంచులు, అంటే జల్లెడలా చిల్లులు పడ్డ రేకులు, ఆమె సంచిలోకి. పూజలో పెట్టనివి కాబట్టి అవి వట్టి పిండే. పారేయడమెందుకు, పట్టుకెళ్ళమని మదరమ్మే చెప్పింది.

వాటిని ఇంట్లో ఆమె ముసలి మొగుడు టీలో ముంచుకు తింటాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. చేతికి నూనె, నోటికి వెటకారం ఎంత కడిగినా పోవు. ఒక్కగానొక్క కూతురికి జ్వరం ముదిరిన రోజు ఆయన గుడిలో మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి బిడ్డ లేదు. ఆ తర్వాత గుడి గడప తొక్కలేదు, సత్ప్రసాదం ముట్టలేదు. ఆమె దెబ్బలాడలేదు. మొగుడూ కొడుకూ దేవుడి దారికి రావాలని ఏళ్ళ తరబడి ఏడ్చి ఏడ్చి దేవుణ్ణే విసిగించిన పునీత మోనికమ్మ పటం ఒకటి తెచ్చి పొయ్యి పక్క గోడకు తగిలించుకుంది, అంతే. ఆవిడకి ఓపికెక్కువ, నీకు పనెక్కువ, ఇద్దరూ నన్నొదిలేయండని ఆయన వెక్కిరించేవాడు. అయినా అచ్చు మొద్దుబారిందంటే చాలు, అడక్కుండానే పదును పెట్టి ఇచ్చేవాడు. తాను వెళ్ళని గుడికి ఆ పదునే రోజూ వెళ్తోందన్న మాట ఆమె నోటిదాకా వచ్చేది. అంటే అదీ మానేస్తాడేమోనని మింగేసేది.

ఒక రోజు మధ్యాహ్నం నుంచి భుజం లాగుతూనే ఉంది. ఇనుము మోసే చెయ్యి లాగక ఏం చేస్తుందిలే అనుకుంది. డబ్బా నిండేదాకా కోసి, మూత మీద వేలితో సిలువ గీసి, మెల్లగా ఇల్లు చేరింది.

టీ పెట్టి, పళ్ళెంలో చిల్లుల రేకు ఉంచింది. ఆయన ఓ మూల విరిచి ముంచాడు.

"ఎన్నాళ్ళని అంచులు తింటావయ్యా? ఒక్కసారి నడిమిది తిను."

ఇన్నేళ్ళలో ఆమె అడగడం అదే మొదలు. ఆయన తడిసిన ముక్క నోట్లో వేసుకున్నాడు.

"నడిమిది గొంతు దిగదే," అన్నాడు, వెటకారం లేకుండా.

ఆమె తలూపి, గోడకు ఆనుకుని జపమాల తీసింది. జపం మధ్యలో కునికిపాట్లు ఆమెకు అలవాటే. పూస ఆగితే ఆయన దగ్గుతాడు, మళ్ళీ కదులుతుంది. ఆ సాయంత్రం దగ్గాడు. ఇంకోసారి గట్టిగా దగ్గాడు. తర్వాత లేచి మంచినీళ్ళు తెచ్చాడు. నీళ్ళు పెదవి దాటలేదు.

మర్నాడు ఆమెను సాగనంపే పూజకు ముందు ఆయన స్వాములవారి దగ్గర మోకరించి చాలాసేపు తన పాపాలు ఒప్పుకుంటూ పాపసంకీర్తనం చేశాడు. సత్ప్రసాదం వరసలో అందరి వెనక నిలబడ్డాడు. పక్కగా వెళ్తూ మదరమ్మ ఆగింది.

"ఇవి నిన్న ఆవిడ కోసినవే."

నాలుక మీద పెట్టగానే మెత్తబడింది. గొంతు దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

సమాధి దగ్గర్నుంచి ఇంటికొస్తే పళ్ళెం అక్కడే ఉంది. అందులో ఓ మూల విరిగిన రేకు, దాని నిండా ఆమె తీసేసిన గుండ్రటి ఖాళీలు.