వదులు కాని స్క్రూ

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి బావ హెలికాప్టర్‌ను పెట్టాడు. పెట్టాడనడం మర్యాద కోసం. నిజానికి కుప్ప పోశాడు. రెక్కలు రెండూ విరిగాయి, తోక గొట్టం వంగింది, కాళ్ళు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. రిమోటుతో ఎగరేసే బొమ్మే కదా అని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే బావకు ఒళ్ళు మండుతుంది. ఆ పిచ్చి చూసే వీధంతా ఆయన్ని పైలట్ అంటారు. కడుపు నింపే పని మాత్రం లిఫ్టులు బాగుచేయడం.

రిపేరుకు వచ్చినవాడు బావమరిది. పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిపెట్టడం అతని వృత్తి. పట్టకార్లు, బుల్లి డ్రిల్లు, భూతద్దం సంచిలో వేసుకుని దిగాడు.

"పెద్ద చక్రానికి పళ్ళు రాలిపోయాయి బావా. సరైనవాడినే పిలిచావు."

"నువ్వు కట్టుడు పళ్ళు పెట్టావంటే నా హెలికాప్టర్‌కి ముసలితనం వచ్చేస్తుందిరా. కొత్త చక్రం తెప్పించా, అది వెయ్యి." బావ నవ్వాడు. నవ్వుతూనే కుడిచేతిని తొడ కింద పెట్టుకున్నాడు.

ఇంట్లో గొడవంతా ఆ చేతి గురించే. కొన్నాళ్ళుగా అది వణుకుతోంది. అక్క పోరుపెట్టి ఆయనతో సెలవు పెట్టించింది, నరాల డాక్టరు దగ్గర రేపటికి అపాయింట్‌మెంటు కూడా తీసుకుంది. చెయ్యి వణకబట్టే హెలికాప్టర్ కూలిందని ఆవిడ, యంత్రమే మొరాయించిందని ఆయన. వాదించి వాదించి ఒక ఒప్పందానికి వచ్చారు. బావమరిది అంతా విప్పి చూడాలి. యంత్రంలో ఏ లోపమూ లేదంటే బావ నోరెత్తకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఉందంటే అక్క ఇక ఆ మాటెత్తకూడదు, ఆయన డ్యూటీకి వెళ్ళిపోతాడు. లిఫ్టు గోతిలో, అంతస్తులకు అంతస్తుల పైన నిలబడి చేసే డ్యూటీ అది.

బావమరిది ఒక్కొక్కటే విప్పాడు. ఇరుసును అద్దం మీద దొర్లిస్తే ఎగుడుదిగుడుగా దొర్లింది. వంగింది, కానీ చక్రం పళ్ళు రాలినట్టే అదీ కింద పడ్డ దెబ్బకే. బ్యాటరీ తగిలించి రిమోటు మీటలు కదిపితే మోటార్లన్నీ చెప్పినమాట విన్నాయి. ఇక మిగిలినవి స్క్రూలు. బావకో పద్ధతి ఉంది. స్క్రూకు జిగురు రాసి బిగించాక, దాని తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి అక్క గోళ్ళరంగుతో సన్నటి గీత గీస్తాడు. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత తెగిపోతుంది. బావమరిది భూతద్దం పెట్టి ప్రతి గీతా చూశాడు. ఒక్కటీ తెగలేదు.

యంత్రం తప్పేమీ లేదు. అంటే తప్పు చేతిదే.

అక్క టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. బావ ఏమరుపాటున కుడిచేత్తోనే కప్పు అందుకున్నాడు. కప్పూ సాసరూ టకటకలాడాయి. తాగకుండానే కింద పెట్టేసి, "వేడిగా ఉంది," అన్నాడు. అదే టీ బావమరిది అప్పటికే సగం తాగేశాడు.

"ఏం తేలిందిరా?" అని అడిగాడు బావ. ఎవరికీ జంకని మనిషి, పరీక్ష తప్పిన పిల్లాడిలా మొహం పెట్టుకుని అడిగాడు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "తోక దగ్గర... ఈ స్క్రూ వదులుగా ఉంది బావా," అనేశాడు బావమరిది.

జాలికి బుద్ధి ఉండదు. ఇప్పటికి బావ మనసు కుదుటపడితే చాలు, తర్వాత అక్కను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పొచ్చు అనుకున్నాడు ఆ అమాయకుడు.

బావ భూతద్దం అందుకుని ఆ స్క్రూ మీదికి వంగాడు. ఎర్రగీత చెక్కుచెదరలేదు. గీసిన మనిషికి వేరే చెప్పాలా? తలెత్తి బావమరిది కళ్ళలోకి చూశాడు. బావమరిది తల దించుకున్నాడు. నాలుగు తిట్లు తిడితే బాగుండునని ఎదురుచూశాడు.

బావ తిట్టలేదు. వంటింటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "ఏమోయ్! స్క్రూ వదులట! నే చెప్పలా?"

అక్క తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "నిజమేనంట్రా?"

ఇన్నాళ్ళూ గెలవాలని పోట్లాడిన ఆవిడ మొహం ఓడిపోయినందుకు వెలిగిపోయింది. ఆ మొహం చూసి బావమరిది తలూపాడు. ఊపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"హమ్మయ్య!" అక్క కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. "పాడు అనుమానంతో ఆయన్ని ఎంత సతాయించానో!" అంటూ ఫోను తీసి డాక్టరు నంబరు కోసం వెతికింది.

"అక్కా..."

"ఏంట్రా?"

బావ కుడిచెయ్యి అతని భుజం మీద పడింది. ఆ వణుకు భుజంలోంచి ఒళ్ళంతా పాకింది. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఏం లేదక్కా."

అక్క ఫోనులో రేపు రావడం లేదని చెప్పేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"రేపు డ్యూటీకి పొద్దున్నే లేపనా?"

"లేపు," అన్నాడు బావ.