గుండె కాదు, ఆయాసం

చీపురుపల్లిలో గాలిదుమ్ము లేచిన మధ్యాహ్నం సుందరరావు మాస్టారి భార్య సత్యవతి పోయింది. చర్చిలో స్త్రీల కూటం జరుగుతుండగా కిటికీల్లోంచి ఎర్రటి దుమ్ము కొట్టుకొచ్చింది. ఆమెకు ఆయాసం మొదలైంది. పీల్చే మందు చేతిసంచిలోనే ఉంది. అందరి ముందూ తీసి నోట్లో పెట్టుకోవడానికి సిగ్గుపడి, ఇంటికెళ్ళి పీల్చుకోవచ్చులే అని ఆ దుమ్ములోనే బయల్దేరింది. ఇల్లు చేరలేదు.

సంగతి ఇంత తిన్నగా ఉంటే, మాస్టారి అక్క ఝాన్సీ మాత్రం వచ్చినవాళ్ళందరికీ గుండె ఆగిపోయిందని చెప్పుకొచ్చింది. ఆయాసం పేరెత్తితే సత్యవతి కూతురు సుహాసినికి కూడా ఉందని ఊరికి తెలిసిపోతుందట. పదో తరగతికి వచ్చిన పిల్ల. తల్లిలాగే దానికీ దుమ్ము పడదు. తల్లిలాగే స్నానాలగదిలో తలుపేసుకుని మందు పీలుస్తుంది.

పరామర్శకు వచ్చినవాళ్ళు పిల్ల దగ్గు విని తలా ఒక వైద్యం చెప్పిపోయారు. ఒకరు తమలపాకు రసం అన్నారు. ఇంకొకరు పీల్చే మందు అలవాటైతే జన్మలో వదలదన్నారు. డాక్టరుకు చూపించమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మాస్టారు అందరికీ తలూపి, టీ ఇచ్చి పంపారు. తలూపి తలూపి మెడ నొప్పెట్టింది.

సత్యవతి కోసం పెట్టిన ఆదరణ కూటం రోజున వాకిట్లో షామియానా వేశారు. పాస్టరుగారు కూడా ప్రార్థనలో గుండె అనే అన్నారు. తర్వాత మాస్టారు లేచారు.

"గుండె కాదండి. ఆయాసం. మందు సంచిలోనే ఉంది. మనందరం చూస్తామని తియ్యలేదు."

భోజనాల దగ్గర ఝాన్సీ ఆయన్ని పక్కకు లాగింది.

"ఏట్రా ఇది, పాఠం సెప్పినట్టు సెప్పీసినావు? రేపు పిల్లని సూడ్డానికొచ్చినోళ్ళకి ఏటి సెప్తావు?"

"బతికే ఉన్నాదని సెప్తానప్పా."

అంతలో మళ్ళీ గాలి లేచింది. షామియానా టపటపా కొట్టుకుంది, పేపరు ప్లేట్లు దొర్లిపోయాయి. సుహాసినికి దగ్గు తెర అందుకుంది. మాస్టారు లోపలికెళ్ళి మందు తెచ్చి, ఇక్కడే పీల్చమ్మా అని చేతిలో పెట్టారు. ఆ పిల్ల చుట్టూ ఉన్న చుట్టాలను చూసింది. మందును గుప్పిట్లో దాచుకుని స్నానాలగదికి పరిగెత్తింది. మాస్టారు వెనకాలే వెళ్ళి, గడియ పెట్టనివ్వకుండా తలుపు పట్టుకుని నిలబడ్డారు. లోపల మందు పీల్చిన చప్పుడు వినిపించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

వేసవి సెలవులు అయిపోయి బడులు తెరిచారు. సుహాసిని ఇంకా నలుగురిలో ఆ మందు తియ్యడం లేదు.