అమ్మకాలవాళ్ళ ఫోను

వెర్నా టిబెట్స్ ఇంటి ముందు కారు ఆపాక కూడా లెనోరా హేవర్‌క్యాంప్ స్టీరింగు వదల్లేదు. పక్క సీట్లో భర్త రాయిస్ కళ్ళు విప్పార్చుకుని కూర్చున్నాడు. తీర్పు వచ్చిన దగ్గర్నుంచి అతనికి రెప్ప వాల్చాలంటే భయం.

"అడక్కు లెనీ," అన్నాడు.

"నువ్వు కార్లోనే ఉండు."

"నిజంగానే నిద్రపోయానేమో. కోర్టే అన్నాక కాదనడానికి నేనెవర్ని?"

ఆమెను అయోవా నుంచి వయోమింగ్ దాకా తరిమింది ఆ మాటే. కిందటి చలికాలం ఈ రాష్ట్రంలోనే, రాలిన్స్ ఊరి దగ్గర, గాజులా గడ్డకట్టిన రోడ్డు మీద ఒక చిన్న పికప్ బండి అడ్డంగా జారి రాయిస్ లారీ కిందికి వచ్చింది. నడుపుతున్న కుర్రవాడు, కెల్విన్ స్ట్రౌడ్, పోయాడు. లారీ తప్పు లేదని పోలీసులే రాశారు. తర్వాత కెల్విన్ తండ్రి మర్ల్ దావా వేశాడు, డ్రైవరు నిద్రపోతున్నాడని. ఆ దావాకు ఎవరూ జవాబివ్వలేదు. జవాబు లేకపోయేసరికి జడ్జి దాన్నే నిజమని తీసుకున్నాడు. ఆ తర్వాత రాయిస్ దేని స్టీరింగూ పట్టుకోలేదు.

లారీ ఎన్ని రాష్ట్రాల్లో తిరిగితే అన్నిచోట్లా కోర్టు కాగితాలు అందుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో పడ్డ కాగితం యజమాని చేతిలో పడ్డట్టే. వయోమింగ్‌లో వాళ్ళ మనిషి వెర్నా. కాగితాలు ఆమెకు సరిగా అందలేదని తేలితే తప్ప తీర్పు తీయించడం కష్టమని లాయరు అన్నాడు.

వంటింట్లో చిల్లీ, బీన్సూ మాంసమూ కలిపిన కూర, ఉడుకుతోంది. వెర్నా కుర్చీ మీది కవర్ల కట్టను నేలమీద పెట్టి లెనోరాను కూర్చోమంది.

"ఇవన్నీ లారీలవాళ్ళవే. నాకంటూ ఒక సైకిలైనా లేదు. కోర్టు లెక్కలో మాత్రం ఈ రాష్ట్రంలో నా అంత లారీలున్న మనిషి లేదు."

లెనోరా నవ్వలేకపోయింది. "వెర్నా గారూ, మా కాగితాలు మీకు అందలేదని చెప్పండి. ఆ వేళ మీరు ఊళ్ళో లేరని చెప్పండి."

"నా చేతికే ఇచ్చాడమ్మా. చేతులకు పిండి ఉంటే తుడుచుకుని మరీ తీసుకున్నాను."

"మా ఆయన నా కళ్ళముందే కుంగిపోతున్నాడు. చెయ్యని పని చేశానేమోనని నమ్ముతున్నాడు. ఒక్క మాట. మీ కాళ్ళు పట్టుకుంటాను."

వెర్నా పొయ్యి తగ్గించింది. "అందింది అందలేదని నేనంటే, రేపు మీ ఆయన్ని ఇంకో లారీవాడెవడైనా గుద్ది పోతే మీరు దావా కాగితం తీసుకుని ఎవరి దగ్గరికి పోతారు? నేను ఉన్నది అందుకోవడానికేనమ్మా. ఇంకే పనికీ రాను."

వెర్నా గరిటెతో కూర ఒకసారి కలిపి ఆమె వైపు తిరిగింది.

"మీ యార్డుకు పంపిన కవరు తిరిగొచ్చింది. ఫోను ఎన్నిసార్లు చేశానో. అందులో గొంతు మీ ఆయనదే కదా?"

అది ఏ ఫోనో లెనోరాకు తెలుసు. సొంతంగా వ్యాపారం మొదలుపెట్టిన వారమే ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళు, డీజిల్ కార్డులు అమ్మేవాళ్ళు ఊపిరాడనివ్వకుండా ఫోన్లు చేశారు. అందరూ చేసేదే ఆ భార్యాభర్తలూ చేశారు. చవక ఫోనొకటి కొని, ప్రతి దరఖాస్తులోనూ ఆ నంబరే వేసి, దాన్ని సొరుగులో పడేశారు. దానికి అమ్మకాలవాళ్ళ ఫోనని పేరు పెట్టుకున్నారు. యార్డు మారినప్పుడు వెర్నాకు కొత్త చిరునామా పంపలేదు, ఆ ఫోను సంగతీ ఎవరికీ గుర్తు రాలేదు.

వెర్నా ఆ పలుకులు అప్పజెప్పినట్టు చెప్పింది. "'హేవర్‌క్యాంప్ ట్రక్కింగ్. ఇన్సూరెన్సయితే మాకుంది. డీజిల్ కార్డయితే అదీ ఉంది. చావు కబురైతే మా అత్తగారికి చెప్పండి.' మొదటిసారి నవ్వొచ్చింది నాకు."

రాయిస్ అది రికార్డు చేస్తుంటే లెనోరా పక్కనే పడీపడీ నవ్వింది.

"మర్ల్ స్ట్రౌడ్ కూడా విన్నాడు," అంది వెర్నా. "లాయరు దగ్గరికి పోకముందు ఇక్కడికే వచ్చాడు, ఈ రాష్ట్రంలో వాళ్ళ మనిషి మీరేనటగా అని. సర్కారు జాబితాలో దొరికింది ఆ నంబరేనట. మా వాడు చివర్లో ఏమైనా అన్నాడా అని అడుగుదామని చేస్తే, ఆ మాటలు వినిపించాయన్నాడు. మళ్ళీ చేశానన్నాడు, మళ్ళీ అవే."

లెనోరా కారు దగ్గరికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఒప్పుకోలేదు."

"మంచిది," అన్నాడు రాయిస్.

మిగతాది కూడా చెప్పింది. అతను చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"అమ్మకాలవాళ్ళ కోసం కదా అది?"

"అవును."

"ఆ కుర్రవాడు మాట్లాడాడు లెనీ. కుక్కకు నీళ్ళు పెట్టలేదన్నాడు. పెడతారా అని అడిగాడు. పెడతానన్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఏం చెప్పను? ఎవరి కుక్కో, ఎక్కడుందో."

అతను దిగి, కారు చుట్టూ తిరిగి ఆమె వైపుకు వచ్చాడు. చెయ్యి చాపాడు, తాళాల కోసం.

"మర్ల్ స్ట్రౌడ్ గడప తొక్కొద్దన్నాడు లాయరు," అంది లెనోరా. "ఆయన తుపాకీ తీసినా తీస్తాడు."

"తీయనీ."

తాళం ఇచ్చింది. అతని వేళ్ళు స్టీరింగు మీద చోటు వెతుక్కున్నాయి. కారు అయోవా వైపు కాకుండా పడమటికి తిరిగింది. దారి పొడుగునా లెనోరా అతని కళ్ళనే చూస్తూ కూర్చుంది.