సిరివేరు చీటీ

షంషుద్దీన్ ఆరో బ్యూరెట్ కడిగి తలకిందులుగా స్టాండుకు బిగించాడు. ప్రొద్దుటూరు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా పదకొండేళ్ల నుంచి రోజూ అతనికిదే పని. వేళ్ల కొసలు యాసిడ్‌కు పసుపెక్కి బిరుసుబారాయి. గోళ్ల మొదట్లో మాత్రం సన్నటి ఎర్ర గీత. అది సొంత పనిది.

ఆ సొంత పని సిరివేరు. పెన్న ఇసుకలో మొలిచే ఆ మొక్క వేళ్లతోనే తండ్రి కరీముల్లా నలభై ఏళ్లు నూలుకు ఎర్రరంగు వేశాడు. పొట్లాల్లో అమ్మే రసాయన రంగులు వచ్చి ఆ వృత్తిని మింగేశాయి. ఆ ఎరుపులో ఉన్నదేమిటో తేల్చి అచ్చులో పెట్టాలని కొడుకు పట్టుదల. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, పని మొదలుపెట్టకముందే, పద్ధతిగా సెలవు పెట్టి మద్రాసు లైబ్రరీకి పోయాడు. రెండు రోజులు రసాయన పత్రికల సూచికలు తిరగేశాడు. ఇంట్లో పలికినట్టే 'ఎస్' అక్షరం కింద వెతికితే ఏ సంపుటంలోనూ సిరివేరు లేదు. ఇంకెవరూ చేయలేదన్నమాట! ఆ సంబరంలో ఒక అట్టముక్క మీద తెలుగులోనే రాసి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు: "సిరివేరు – లేదు." చదువురాని ముసలాయన దాన్ని తాయెత్తులా దిండు కింద దాచుకున్నాడు. ఆరేళ్లయింది.

పదకొండింటికి పోస్టు వచ్చింది. ఆరేళ్ల పని మీద అతను రాసి పంపిన వ్యాసాన్ని పత్రికవాళ్లు తిప్పి పంపారు. పైన మూడే వాక్యాలు. ఈ వేరును ఇంగ్లీషులో 'చే రూట్' (Chay root) అంటారు. 'సి' అక్షరం కింద చూడగలరు. ఇందులోని రంగును డెబ్బై ఏళ్ల కిందటే విడదీశారు.

కొండను తవ్వి ఎలుకను పట్టినా నయమే, అతనికి ఆ ఎలుకా దక్కలేదు. త్రాసులుండే బ్యాలెన్స్ గదిలోకి పోయి, తలుపేసుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నం ఇంటికి పోయాడు. నెల నుంచి ఆయాసంతో మంచం మీదున్న కరీముల్లా రోజూ అడిగినట్టే అడిగాడు.

"బుక్కులో ఏసినారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు నాయనా. మనకన్నా ముందే ఎవరో చేసినారంట. నేను సరిగా ఎతకల్యా."

"దాని పేరు ఏమని రాసినారు?"

"చే రూట్ అని."

"సిరివేరు అనల్యా?"

"అనల్యా."

ముసలాయన దూలం వైపు చూశాడు.

"ఇంగ నీకు యాడ దొరుకుతాదిరా? మనింట్లో పిలిచే పేరు పెట్టి పిలిస్తివి, అది పలకల్యా. శానా ఎండన పడి వచ్చినావు. పో, కూడు తిను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట అతన్ని కోసేసింది.

రెండో ముద్ద తుంచేలోపే తల్లి పీరాంబీ లోపల్నుంచి పిలిచింది. పెద్దగా కూడా పిలవలేదు. అతను ఎంగిలిచేత్తోనే పోయేసరికి తండ్రి కళ్లు దూలం వైపే ఉన్నాయి, రొమ్ము కదలడం లేదు.

పొద్దు గూకేలోపు మట్టి ఇచ్చి వచ్చారు. పీరాంబీ పరుపు తీస్తూ దిండు కింది అట్టముక్క కొడుక్కి అందించింది.

"పొద్దస్తమానం దీన్నే తడుముకుంటా ఉన్న్యాడు. ఏందిరా ఇది?"

అంచులు గుడ్డలా మెత్తబడ్డాయి. ఆరేళ్లు బొటనవేలు ఒకేచోట రాసుకుని 'లేదు' అన్న మాట చెరిగిపోయింది. 'సిరివేరు' ఒక్కటే ఉంది.