తెర ముందు నమస్కారం

స్టేజీ పక్క చీకట్లో కూర్చుని మొగుడి కోటుకి బొత్తాం కుడుతోంది ఇలారియా. అవతల చివరి అంకం నడుస్తోంది. ఇంకాసేపట్లో దర్శకుణ్ణి తెర ముందుకి పిలుస్తారు. ఒపెరా దర్శకుడు జనానికి కనబడేది ఆ మొదటి ప్రదర్శన నాడే. అందుకని కోటు బాగుండాలి.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే చాకిరి. కోరస్‌కి నడకలు నేర్పేది తను, అలిగిన గాయకుణ్ణి బతిమాలుకునేది తను, సొమ్మసిల్లిన సన్నివేశానికి ప్రాణం పోసేది తను. చప్పట్లు మాత్రం కొర్రాడోకి. సొమ్మొకడిది, సోకొకడిది. ఒకసారి తన పేరూ వెయ్యమని నోరు తెరిచి అడిగితే, అత్తగారు పిండిలో మాంసం కూరి అనొలీనీలు చుడుతూ, "వాడికి బుర్ర ఉంది, నీకు ఓపిక ఉంది. ఇద్దరూ దర్శకులైతే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారే?" అంది. కొర్రాడో నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ ఒంటికి కారం రాసినట్టే ఉంటుంది.

ఈ ఆటలో భర్త అనుమానంతో భార్యని చంపుతాడు, ఆమె అతన్ని క్షమిస్తూ పాడి కన్నుమూస్తుంది. ఎప్పుడూ అతని ఒళ్ళోనే. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే ఇలారియాకి తట్టింది, గోడవైపు తిరిగి చావనిస్తే? నోరు క్షమించనీ, ఒళ్ళు ఒప్పుకోనక్కర్లేదు. "ఇది పార్మా, పిచ్చిదానా. పాత పద్ధతి తప్పితే గ్యాలరీవాళ్ళు తరిమికొడతారు," అన్నాడు కొర్రాడో. రిహార్సల్ చూసి ఎవరో విలేఖరి మెచ్చుకున్నాక అది అతని ఆలోచనైపోయింది.

ఇప్పుడు స్టేజీ మీద, నాయికగా పాడుతున్న దోనాతెల్లా గోడవైపు తిరిగింది. పై గ్యాలరీలో కేకలు మొదలయ్యాయి.

"మా వైపు తిప్పండ్రా ఆ అమ్మాయిని!"

"ఒపెరా కట్టిన మహానుభావుడు రాసిందేంటి, మీరు చేసిందేంటి?"

తెర పడింది. గాయకులకి చప్పట్లు బాగానే పడ్డాయి. దోనాతెల్లా ఆచారం ప్రకారం దర్శకుణ్ణి తీసుకెళ్ళడానికి పక్కకొచ్చి చెయ్యి చాపింది. కొర్రాడో కోటు తొడుక్కోలేదు.

"నువ్వెళ్ళు," అన్నాడు ఇలారియాతో. "నీ ఆలోచనేగా. పేరు లేదని ఎన్నేళ్ళు మొహం మాడ్చుకున్నావు? ఇదిగో, తీసుకో."

"ఎవరో ఒకరు రండమ్మా," అంది దోనాతెల్లా. "చెయ్యి లాగేస్తోంది."

ఇలారియా వెళ్ళింది. ఎన్నోసార్లు ఊహించుకున్న క్షణం, ఇలా మాత్రం కాదు. ఛీ ఛీ అంటూ గ్యాలరీ మొత్తం మీదికి దిగినట్టనిపించింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. "ఎవరే నువ్వు?" అని పైనుంచి ఒక ముసలాయన అరిచాడు.

"దర్శకురాల్ని," అంది గట్టిగా. ఇంకా తిట్టారు. తల వంచి నమస్కరించి, తిట్లు సన్నగిల్లేదాకా అక్కడే నిలబడింది.

లోపలికి రాగానే కొర్రాడో భుజం తట్టాడు. "బాధపడకు. పేపర్లవాళ్ళకి నేను సర్దిచెప్తాలే, మా ఆవిడ తొందరపడిందని. సోమవారం తూరిన్‌లో కొత్త ఆట రిహార్సళ్ళు, మర్చిపోకు. కోరస్ నీ కోసం చూస్తుంటుంది."

ఇలారియా ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"ఏమీ సర్దకు. మొదటిరోజు తెర ముందుకొచ్చినవాళ్ళదే ఆట, ఈ ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. ఇవాళ్టి తిట్లన్నీ నావి కొర్రాడో, నీకు వాటా లేదు. సోమవారం మొదలయ్యే ఆట మొత్తం నీది. వెళ్ళి చేసుకో."